నక్షత్రాల నవల రాయాలంటే ముందు రేవు కట్టండి

స్పేస్ ఒపేరా, అంటే నక్షత్రాల మధ్య ఓడలు తిరిగే పెద్ద సాహసకథ, రాయాలని కూర్చున్నవాళ్ళు మామూలుగా ముందు ఓడ బొమ్మ గీస్తారు. పొడవెంత, ఎన్ని ఫిరంగులు, పేరేంటి. తర్వాత హీరో. తర్వాత ఆకుపచ్చ తోలు శత్రువు. నాలుగు అధ్యాయాలయ్యాక చదివేవాడికి ఒక అనుమానం వస్తుంది: వీళ్ళు ఒక నక్షత్రం దగ్గర్నుంచి ఇంకోదానికి అసలెలా పోతున్నారు, ఆ దారి ఎవరిది, ఊరికే పోనిస్తున్నారా? దీనికి రచయిత దగ్గర జవాబు లేకపోతే మిగతా నాలుగొందల పేజీలు ఎంత బాగా రాసినా తేలిపోతాయి. మనుషులూ గ్రహాంతరవాసులూ కలిసి నక్షత్రాల మధ్య రాకపోకల్ని గుప్పిట్లో పెట్టుకున్న కథ అయితే మరీను. అందుకని పనిని తిరగేసి చేద్దాం. ముందు దారి, ఆ దారికి అడ్డంగా కూర్చున్నవాళ్ళు, వాళ్ళు అడిగే సుంకం. ఓడ సంగతి చివర్న.

నెల్లూరు, ప్రకాశం వైపు వాళ్ళకి ఈ పనికి కావలసిన సరుకంతా చుట్టుపక్కలే ఉంది. రేవులు పుట్టి చచ్చిన తీరం ఇది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలు సముద్రంలోకి పోకూడదు. రాకెట్ ఎగిరే రోజు ఫలానా వైపు వలలు వెయ్యొద్దని చాటింపు వస్తుంది. సముద్రం కళ్ళెదురుగా ఉండి, దాంట్లోకి ఎప్పుడు పోవాలో ఇంకెవరో చెప్పడమంటే ఏమిటో ఇక్కడి పాఠకుడికి వివరించక్కర్లేదు. పరాయి నగరాల పేర్లు అరువు తెచ్చుకునే ముందు ఈ సరుకు వాడుకోండి.

దూరం లెక్క వేసుకోండి

తెల్ల కాగితం తీసుకుని పైన ఈ అంకెలు రాసి గోడకి అంటించుకోండి. కాంతి సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. చంద్రుడి నుంచి మాట రావడానికి సుమారు 1.3 సెకన్లు, సూర్యుడి వెలుతురు రావడానికి 8 నిమిషాల పైచిలుకు, అంగారకుడి నుంచి 3 నుంచి 22 నిమిషాలు. సూర్యుడి తర్వాత మనకి అన్నిటికన్నా దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారి. దాని నుంచి వెలుతురు రావడానికి 4.24 ఏళ్ళు. 1977లో బయల్దేరిన వాయేజర్-1 సెకనుకి 17 కిలోమీటర్ల చొప్పున పోతోంది. ఆ వేగంతో ప్రాక్సిమా అంత దూరం పోవాలంటే 75 వేల ఏళ్ళు పడుతుంది. అంటే మామూలు రాకెట్‌తో మీ నవల మొదటి అధ్యాయం కూడా దాటదు.

అందుకే ఈ కథల్లో ఏదో ఒక అడ్డదారి పెట్టుకోక తప్పదు. భౌతికశాస్త్రంలో కాగితం మీద దొరికే అడ్డదార్లు రెండు ప్రసిద్ధం. ఐన్‌స్టీన్, రోసెన్ 1935లో చూపించిన సొరంగంలాంటి ఆకారం ఒకటి. దాన్ని మనిషి దాటేంత సేపు తెరిచి ఉంచాలంటే రుణశక్తి (సున్నాకన్నా తక్కువ శక్తి) గల వింత పదార్థం కావాలని 1988లో మోరిస్, థోర్న్ లెక్క తేల్చారు. రెండోది, ఓడ ముందు ఆకాశాన్ని కుదించి వెనక సాగదీసే పద్ధతి. 1994లో అల్కుబియెర్రే ప్రతిపాదించాడు. రెండింటికీ అలాంటి పదార్థమే కావాలి, అది ఎవరి దగ్గరా లేదు. నవలా రచయితకి ఇది శుభవార్త: లేనిదాన్ని కథలో ఎవరో ఒకరి చేతిలో పెట్టొచ్చు. వాళ్ళే మీ గ్రహాంతరవాసులు.

అడ్డదారి వద్దు, కాంతికి కొంచెం తక్కువ వేగంతోనే పోదాం అనుకున్నా మంచి కథే వస్తుంది. కాంతివేగంలో 99 శాతంతో పోతే ఓడలోని గడియారం ఏడు రెట్లు నిదానంగా నడుస్తుంది. శ్రవణ నక్షత్రం సుమారు 17 కాంతి సంవత్సరాల దూరం. పోయి రావడానికి ఓడలో ఉన్నావిడకి అయిదేళ్ళు పడితే, కావలిలో ఉన్న మొగుడికి 34 ఏళ్ళు. ఒకటో తరగతిలో వదిలిపోయిన కొడుకు తిరిగొచ్చేసరికి తల్లికన్నా పెద్దవాడై ఉంటాడు. దీన్ని గ్రహాంతరవాసులు లేకుండానే రాయొచ్చు. కానీ ఇక్కడ దారి ఎవరి చేతిలోనూ ఉండదు కాబట్టి మనకి కావలసిన తగాదా పుట్టదు. మనం అడ్డదారితోనే పోదాం.

ఇరుకు ఎక్కడుందో ఒక్కచోటే పెట్టండి

దారిని గుప్పిట్లో పెట్టుకోవాలంటే ఆ దారిలో ఎక్కడో ఇరుకు ఉండాలి. ద్వారాలా, ఇంధనమా, పటాలా, ఓడ నడిపే విద్యా? ఏదో ఒకటే ఎంచుకోండి. నాలుగూ పెడితే పాఠకుడికి ఏదీ గుర్తుండదు, మీరే మూడో అధ్యాయంలో తడబడతారు. నేనైతే ద్వారాలకే ఓటేస్తాను. అవి ఒకచోట కదలకుండా ఉంటాయి, వాటి చుట్టూ ఊరు పుడుతుంది, కాఫీ హోటలు పుడుతుంది, కాగితాలు రాసిపెట్టేవాడు పుడతాడు. వాటిని ‘రేవు’ అనే పిలవండి. స్వాతి రేవు, అగస్త్య రేవు అనగానే పాఠకుడి ముక్కుకి ఉప్పుగాలి తగులుతుంది. కొత్త మాట కనిపెట్టే శ్రమ తప్పుతుంది.

ఆ తర్వాత ఒకే ఒక్క పేజీలో రేవు నియమాలు రాసుకోండి. ఒక్కసారి తెరిస్తే ఎన్ని ఓడలు పోవచ్చు, ఎంతసేపు తెరిచి ఉంటుంది, రెండువైపులా పోవచ్చా, మూసుకుపోతే లోపలున్న ఓడ ఏమవుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: కబురు ఓడకన్నా ముందు పోగలదా? పోగలిగితే మీ నవల టెలిఫోన్ కాలం నవల. రాజధానిలో కూర్చున్నవాడే అన్నీ నడుపుతాడు, రేవు దగ్గరున్నవాళ్ళు ఉత్త బంట్రోతులు. పోలేకపోతే తెరచాపల కాలం నవల. యుద్ధం ముగిసిన సంగతి ఆర్నెల్లకి తెలుస్తుంది, దొంగ ఫర్మానా పట్టుకుని ఒకడు గ్రహాన్నే ఏలుకోవచ్చు, రేవు మూతబడితే ఆవలి లోకం ఉందో లేదో కూడా తెలియదు. నా మటుకు రెండోదే బలం. కాంతికన్నా వేగంగా పోతే ఫలితం ముందు, కారణం వెనక వచ్చే చిక్కొకటి సాపేక్ష సిద్ధాంతంలో ఉంది. దాన్ని కథలో వాడుకునే ఆలోచన లేకపోతే అసలు ఎత్తకండి. సగం వివరణ ఇచ్చి వదిలేయడం అన్నిటికన్నా చెడ్డది.

మోటుపల్లి శాసనం దగ్గర పెట్టుకోండి

మోటుపల్లి 2022 దాకా ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. ఇవాళ చూస్తే చిన్న ఊరు. కాకతీయుల నాడు దేశదేశాల ఓడలు ఆగిన రేవు. గణపతిదేవుడు అక్కడ స్తంభం మీద వేయించిన అభయశాసనం 1244 నాటిది. మీరు కొని చదవబోయే ఏ రచనా పాఠంకన్నా అది మీకు ఎక్కువ పనికొస్తుంది. అందులోని సంగతి ఇది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయల్దేరిన ఓడ తుపానుకి పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే, వెనకటి రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్ళు. ప్రాణంకన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రంలోకి దిగిన ఈ వర్తకులకి మేం దయతో, కీర్తి కోసం, పుణ్యం కోసం, నిర్ణయించిన సుంకం తప్ప మిగతాదంతా వదిలేస్తున్నాం, అంటాడు రాజు. సుంకం ముప్పైకి ఒకటి. గంధం, కర్పూరం, ముత్యాలు, పట్టు, పగడం, మిరియాలు లాంటి సరుకుల పట్టీ కూడా ఉంది.

ఈ నాలుగు వాక్యాల్లో నవలకి కావలసిన రాజకీయం మొత్తం ఉంది. రేవు చేతిలో ఉన్నవాడికి దోచుకునే వీలు ఉంది. దోచుకుంటే ఓడలు రావు. అందుకని దోపిడీని సుంకంగా మార్చి, దాన్ని రాతి మీద చెక్కించి, పైన దయ అని పేరు పెడతాడు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి మళ్ళీ అదే ఊళ్ళో వర్తకులకి అభయమిస్తూ ఇంకో శాసనం వేయించాడు. రాజ్యం మారినప్పుడల్లా వర్తకుడు అడిగేది ఒకటే: పాత మాట చెల్లుతుందా? మీ నవలలో గ్రహాంతరవాసుల రాజ్యం మారే ఘట్టం ఉంటే, పట్టాభిషేకం కన్నా ముందు ఈ ప్రశ్న రాయండి.

ఇప్పుడు క్యాలిక్యులేటర్ తీసుకోండి. ప్రతి రేవులోనూ ముప్పైకి ఒకటి తీసుకుంటే, పది రేవులు దాటేసరికి నూరు బస్తాల్లో 71 మిగులుతాయి. ఇరవై రేవులు దాటితే 51. అంటే సగం సరుకు సుంకానికే పోయింది. ఈ ఒక్క లెక్క మీ గెలాక్సీ ఆకారాన్ని నిర్ణయించేస్తుంది. బియ్యం, ఇనుము రెండు మూడు రేవులు దాటవు. ఇరవై రేవులు దాటి వచ్చేది మందో, విత్తనమో, ఎవరి దగ్గరా లేని విద్యో అయ్యుండాలి. రాజధానికి ఇరవై అయిదు రేవుల అవతలున్న లోకం చక్రవర్తి పేరు మాత్రం తలుస్తుంది, తిండి మాత్రం తనే పండించుకుంటుంది. తిరుగుబాటు ఎక్కడ మొదలవ్వాలో మీకు తెలిసిపోయింది.

సుంకం ఉన్నచోట దొంగదారి ఉంటుంది. టంగుటూరు టోల్‌గేట్ మీదుగా రోజూ పోయే లారీడ్రైవర్‌ని అడిగితే దొంగదార్ల గురించి మీకు రెండు అధ్యాయాలకి సరిపడా చెప్తాడు. టీ మీరే ఇప్పించండి.

రేవు కాసేవాళ్ళ ఒంటి నుంచి మొదలుపెట్టండి

గ్రహాంతరవాసి అంటే పొడుగు చెవులు పెట్టిన మనిషి అయితే నవల పండదు. ఒళ్ళు వేరైతే భయాలు వేరు, భయాలు వేరైతే చట్టాలు వేరు. ఈ మెట్టు దగ్గర తొందరపడొద్దు. ఒక ఉదాహరణ మొదట్నుంచి చివరిదాకా కట్టి చూపిస్తాను.

రొయ్యల చెరువు గట్టు మీద నిలబడినవాళ్ళకి తెలుసు, రొయ్య పెరగాలంటే గుల్ల విడవాలి. అమావాస్య, పౌర్ణమి దగ్గర ఎక్కువగా విడుస్తాయని రైతులు కనిపెట్టుకుని ఉంటారు. ఆ పూట చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడటానికి చెరువులో దించే పళ్ళెం) ఎత్తి చూస్తే మేత అలాగే మిగిలి ఉంటుంది, వదిలిన గుల్లలు పలచగా ట్రేలో తేలుతుంటాయి. కొత్త గుల్ల గట్టిపడేదాకా రొయ్య మెత్తగా, ఏ పక్క రొయ్యకైనా ఆహారంగా ఉంటుంది. గుల్ల గట్టిపడటానికి రైతు నీళ్ళలో సున్నం, ఖనిజాలు వేస్తాడు.

దీన్నుంచి ఒక జాతిని అల్లుదాం. పేరు ఇరవులు. ఒక్కో ఇరవు వీపు గుల్ల ఒక్కో రేవుకి మాత్రమే పలుకుతుంది, ఆ గుల్ల కంపిస్తేనే రేవు తెరుచుకుంటుంది. తెరిచిన ప్రతిసారీ గుల్ల కొంచెం అరుగుతుంది. అంటే దారి ఇవ్వడమంటే వాళ్ళకి ఒంట్లోంచి కొంత ఇవ్వడం. మనుషులు దాన్ని పిసినారితనం అనుకుంటారు. పదకొండేళ్ళకొకసారి ఇరవు గుల్ల విడుస్తుంది. నలభై రోజులు మెత్తగా, ఎవరికీ కనపడకుండా దాక్కుంటుంది. ఆ నలభై రోజులు రేవు మూత. ఏ ఇరవుకి ఎప్పుడన్నది వాళ్ళ జాతి రహస్యం, ఎందుకంటే అది వాళ్ళని చంపగలిగే రోజు.

ఇక మనుషులకి ఏం ఇవ్వాలి? వాళ్ళ చేతిలో కూడా ఏదో ఒకటి లేకపోతే కథ ఒకవైపు దోపిడీగా మిగిలిపోతుంది. కొత్త గుల్లకి సున్నం కావాలి. భూమ్మీద సున్నపురాయిలో చాలా భాగం ప్రాచీన సముద్రజీవుల గుల్లల నుంచి వచ్చిందే. పులికాట్ చుట్టూ గుల్లలు తవ్వి కాల్చి సున్నం చేసిన బట్టీల సంగతి ఈ వైపు పెద్దవాళ్ళకి తెలుసు. ఇరవుల లోకాల్లో అంత పాత సముద్రాలు లేవనుకుందాం. కాబట్టి సుంకం సున్నంలోనే చెల్లించాలి. ఆ సున్నాన్ని ఎగుమతి చేసే హక్కు ఒక్క మనుషుల కంపెనీకే ఉంది. చూశారా, ఇప్పుడు రేవు తెరిచేది వాళ్ళు, తెరిచే ఒంటికి తిండి పెట్టేది వీళ్ళు. దారి ఇద్దరి చేతిలోనూ ఉంది, ఇద్దరికీ ఇంకొకరి మీద నమ్మకం లేదు. విలన్ అక్కర్లేదు. కంపెనీ సున్నం ధర పెంచితే చాలు, ఇరవులు రెండు రేవులు తక్కువ తెరిస్తే చాలు.

వనామి రొయ్య మన దేశంలో 2009 నుంచి సాగులోకి వచ్చింది. దాని తల్లి రొయ్యల్ని ఎక్కువగా విదేశాల నుంచే తెప్పించుకోవాలి, చెన్నైలో క్వారంటైన్ దాటాలి, ఆ తర్వాతే రొయ్యపిల్లల్ని పుట్టించే హేచరీకి. చెరువు మనది, కరెంటు బిల్లు మనది, విత్తు మొదలు మాత్రం పరాయిది. మీ కంపెనీ బలం ఎక్కడుందో రాసేటప్పుడు ఈ గొలుసు మనసులో పెట్టుకోండి. కౌంట్‌ని (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కని) బట్టి ధర ఎవరు కడతారో, చెరువు గట్టు మీద ఆ మాట ఎలా చేరుతుందో కూడా.

మీ జాతిని మీరు వేరేగా అల్లుకోండి. క్రమం మాత్రం ఇదే: ఒళ్ళు, ఆ ఒంటికి ఉన్న లోటు, ఆ లోటు దాచుకోవడానికి పెట్టుకున్న ఆచారం, ఆ ఆచారం వల్ల మనుషులకి వచ్చిన అపార్థం.

మనుషులందరూ ఒకే వైపు ఉండరు

‘భూలోకం’ అని ఒకే జెండా కింద అందర్నీ నిలబెట్టే నవలలు నాకు రుచించవు. రేవు దగ్గర మనుషులు కనీసం నాలుగు రకాలు ఉంటారు: కంపెనీవాళ్ళు, ఓడలవాళ్ళు, మధ్యలో కమీషన్ ఏజెంట్లు, రేవు కట్టకముందు నుంచీ ఆ చోటులో ఉన్నవాళ్ళు. నాలుగోవాళ్ళని రచయితలు మర్చిపోతారు. శ్రీహరికోటలో రాకెట్ కేంద్రం పెట్టేటప్పుడు ఆ దీవిలో బతుకుతున్న యానాది కుటుంబాలను అక్కణ్ణుంచి తరలించారు. 1971 అక్టోబరులో అక్కణ్ణుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. పేరు రోహిణి-125. ఆ దీవి ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉంది, 2022కి ముందు నెల్లూరు జిల్లాదే. ఆకాశానికి దారి తెరిచినచోట నేల మీద ఎవరి దారి మూసుకుపోయిందో అడిగే పాత్ర ఒక్కటి పెట్టండి. ఉపన్యాసం ఇప్పించొద్దు, ఆ పాత్ర చేతికి ఏదో ఒక పని ఇవ్వండి.

శ్రీహరికోట నుంచే ఇంకో మంచి వివరం. ధ్రువకక్ష్యకి పోయే పీఎస్‌ఎల్‌వీ రాకెట్ తిన్నగా దక్షిణానికి పోతే శ్రీలంక మీదుగా పోవాలి. అది కుదరదు కాబట్టి ముందు పక్కకి పోయి, తర్వాత మలుపు తిరుగుతుంది. ఆ వంపుకి ఇంధనం ఖర్చు, మోసుకుపోయే బరువు తగ్గుతుంది. ఖాళీ ఆకాశంలో కూడా దారి వంకర పోవడానికి కారణం కింద ఎవరో ఉండటమే. మీ నక్షత్ర పటంలో ఇలాంటి వంకర ఒకటి పెట్టండి, దానికి కారణం నూరో పేజీ దాకా చెప్పకండి.

పటం

కార్తెలు తెలిసిన పాఠకులకి నక్షత్రాల పేర్లు కొత్తగా నేర్పక్కర్లేదు. దూరాలు మాత్రం నిజంవే వాడండి, సుమారుగా: మృగవ్యాధుడు 8.6 కాంతి సంవత్సరాలు, శ్రవణం 17, అభిజిత్తు 25, స్వాతి 37, రోహిణి 65, చిత్త 250, అగస్త్యుడు 310. ఒక జాగ్రత్త. ఇవన్నీ బాగా వెలిగే పెద్ద నక్షత్రాలు. చిత్తలాంటివి వేగంగా కాలిపోతాయి, చుట్టూ జీవం పుట్టేంత వ్యవధి ఇవ్వవు. స్వాతి, రోహిణి ఉబ్బిపోయిన ముసలి నక్షత్రాలు. వీటిని రేవులకి, మజిలీలకి వాడుకోండి. ఊళ్ళు మాత్రం చిన్న మసక నక్షత్రాల చుట్టూ పెట్టండి. 40 కాంతి సంవత్సరాల దూరంలో ట్రాపిస్ట్-1 అనే చిన్న ఎర్ర నక్షత్రం చుట్టూ భూమి అంతేసి గ్రహాలు ఏడు తిరుగుతున్నాయని 2017లో ప్రకటించారు. వాటిలో చివరిదానికి కూడా ఏడాది అంటే మన మూడు వారాలు దాటదు. అక్కడ పుట్టినవాళ్ళకి ఏటా పుట్టినరోజు చేస్తే ఇల్లు గుల్లే.

పటం గీసే ఓపిక లేనివాళ్ళకి ఒక ఉపాయం. చీమకుర్తి గ్రానైట్‌ని బజార్లో బ్లాక్ గెలాక్సీ అంటారు, నల్లరాయిలో బంగారు చుక్కలు. పాలిష్ చేసిన ముక్క మీద ట్రేసింగ్ కాగితం పరిచి కనబడ్డ చుక్కల్ని గుర్తు పెట్టుకోండి. మీరు చేత్తో చుక్కలు పెడితే తెలియకుండానే ముగ్గు వేసినట్టు సమంగా పడతాయి. రాయి మీద అలా ఉండవు, కొన్నిచోట్ల గుంపు, కొన్నిచోట్ల బోసి. ఆ బోసిచోటు మీదే నవల నడుస్తుంది. తర్వాత కొన్ని చుక్కల్ని మాత్రం రేవులుగా ఎంచుకుని గీతలు కలపండి. దూరం ఎంతున్నా గీత ఉన్నచోటే పొరుగు. పక్కనే ఉండి గీత లేని చుక్క పరదేశం.

మొదటి దృశ్యం రాయండి

చరిత్ర చెప్పొద్దు, యుద్ధంతో మొదలుపెట్టొద్దు. రేవు దగ్గర ఆగిపోయిన ఓడతో మొదలుపెట్టండి. ఇరవుల కథకి మచ్చు:

“అత్తా, గుమాస్తా మన కాయితం పక్కన పెట్టేసినాడు. మనెనక వచ్చిన రెండోడలు ముందుకి పోయినాయి.”

“సున్నం తూకం ఏసినాడా?”

“ఏసినాడు. నూటికి నాలుగు తరుగు అంటుండాడు. తేమ ఉండాదంట.”

పెంచలమ్మ కిటికీలోంచి రేవు అంచు వైపు చూసింది. ఇరవు ఎప్పుడూ కూర్చునేచోటే కూర్చుని ఉంది. పోయినసారి వచ్చినప్పుడు వీపు గుల్ల నల్లగా నిగనిగలాడేది. ఇప్పుడు అంచుల దగ్గర తెల్లటి పొరలు లేస్తున్నాయి. ముందు పెట్టిన సున్నపు పళ్ళెం ముట్టలేదు.

“శీనా, తరుగు ఒప్పుకోరా. ఆరన్నా ఒప్పుకో.”

“అదేందత్తా! నాలుక్కే మనకి మిగిలేది...”

“గమ్మున పోయి ఏలిముద్ర ఏసి రా. ఈ రేత్రికి దాటకపోతే ఇంగ నలభై దినాలు ఈడే.”

ఇందులో రేవు ఎలా పనిచేస్తుందో ఒక్క వాక్యం వివరణ లేదు. సుంకం ఉంది, తూకం ఉంది, మనిషి గుమాస్తా ఉన్నాడు, గ్రహాంతరవాసి ఒళ్ళు ఉంది, గడువు ఉంది. పెంచలమ్మకి తెలియకూడని రహస్యం తెలుసన్న సంగతి కూడా బయటపడింది. పళ్ళెం వివరం చెక్ ట్రే నుంచి వచ్చింది, పాఠకుడికి చెప్పక్కర్లేదు. మీ మొదటి దృశ్యంలో ఇలా మీ నియమాల పేజీ నుంచి మూడు నియమాలు పనిచేస్తూ కనబడాలి. నాలుగు దాటితే ఎక్కువ.

మాట విషయంలో భయపడకండి. నెల్లూరు యాస అంతరిక్షంలో పనికిరాదన్నవాళ్ళకి, టీవీ వార్తల తెలుగు మాత్రం అక్కడెందుకు మాట్లాడతారో అడగండి. కథనం మామూలు తెలుగులో, సంభాషణ యాసలో నడిస్తే చదవడం తేలిక. మన వ్యాకరణం ఇచ్చే సదుపాయం ఒకటి వదులుకోవద్దు. ‘ఇరవులు వచ్చాయి’ అనే గుమాస్తా వేరు, ‘ఇరవులు వచ్చారు’ అనే ఓడ సరంగు వేరు. ఎవరు ఏ క్రియ వాడుతున్నారో మొదట్నుంచి చివరిదాకా పట్టీ వేసుకోండి. నవల మధ్యలో కంపెనీ మనిషి ఒకడు తెలియకుండా ‘వచ్చారు’ అంటే, ఆ గదిలో ఉన్నవాళ్ళు తలెత్తి చూడాలి.

యుద్ధం, ఓడ, మిగతావి

యుద్ధాలు తక్కువ రాయండి. శూన్యంలో చప్పుడు వినబడదు, దూరాలు ఎక్కువ కాబట్టి ఎదుటి ఓడ కంటికి చుక్కే. పైగా రేవు పగిలితే ఇద్దరూ నష్టపోతారు, అందుకని ఎవరూ దాని మీద ఫిరంగి పేల్చరు. ముట్టడి వేస్తారు, సున్నం ఆపుతారు, గుమాస్తాని కొంటారు. ఇవి రాయడం తేలిక, చదవడం ఇంకా తేలిక.

ఓడ గురించి మీకు తెలియాల్సింది మూడే: ఎంత సరుకు పడుతుంది, ఎంతమందికి ఎన్నాళ్ళు తిండి ఉంటుంది, అప్పు ఎవరికి బాకీ. పేరు మీ ఇష్టం.

రేవు చావడం గురించి ఒక అధ్యాయం ఉంచుకోండి. ఆవిరి ఇంజన్ల రోజుల్లో బిట్రగుంట పెద్ద లోకోషెడ్డున్న రైల్వే ఊరు. ఆవిరి పోయి డీజిల్, కరెంటు ఇంజన్లు వచ్చాక ఆ సందడి తగ్గింది. బకింగ్‌హామ్ కాలువ మీద ఒకప్పుడు ఉప్పు, కట్టెలు పడవల్లో పోయేవి, ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది. రేవు అక్కర్లేని ఓడ ఎవరో కనిపెట్టారన్న పుకారు చాలు. రేవు ఊళ్ళో ఇళ్ళ అద్దెలు పడిపోతాయి, పెళ్ళి సంబంధాలు వెనక్కి పోతాయి. ఇరవులకి ఆ కబురు వరమా, శాపమా? గుల్ల అరగక్కర్లేదు, సున్నం కూడా రాదు. నవల రెండో సగానికి ఇంతకన్నా మంచి మలుపు నాకు తోచదు.

తిరగరాసేటప్పుడు

మొదటి ప్రతి అయ్యాక నియమాల పేజీ, సుంకం లెక్క, పటం మూడూ ముందు పెట్టుకుని ప్రతి ప్రయాణాన్నీ సరిచూడండి. ఎవరు ఏ రేవు నుంచి ఏ రేవుకి ఎన్నాళ్ళకి పోయారు, ఏం చెల్లించారు, ఆ లోపు కబురు ఎక్కడిదాకా పోయింది. తేడా వచ్చినచోట నియమం మార్చాలనిపిస్తుంది. నియమం జోలికి పోకుండా అధ్యాయాన్నే మార్చండి. ఇబ్బందిలో పడ్డ పాత్ర కొత్త తెలివి చూపిస్తుంది, వెసులుబాటు దొరికిన పాత్ర నిద్రపోతుంది.

తర్వాత రెండు ప్రతులు తీయించండి. ఒకటి ఫిజిక్స్ చెప్పే మాస్టారికి, ఇంకోటి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బిల్లులు రాసే మనిషికి. మాస్టారు వేగాల్లో తప్పులు గుర్తుపెట్టి ఇస్తారు, అవి ఒక పూటలో దిద్దుకోవచ్చు. రెండో ఆయన ‘ఈ లోడు ఖాళీగా ఎందుకు తిరిగొచ్చింది, రిటర్న్ కిరాయి లేకుండా ఎవడొస్తాడు’ అని అడుగుతాడు. ఆ ప్రశ్నకి జవాబు దొరికేదాకా ప్రతిని ఏ పత్రికకీ పంపొద్దు.